గాయపడిన కోడి – గృహస్థుని ఉపచారధర్మము



తెలుగునందు ఉపచారము అను మాట రెండు తావుల వినబడును. దేవుని సన్నిధిని అర్చకుడు సమర్పించు పదునారు సేవలను షోడశోపచారములందురు. రోగి పడక చెంత కూర్చుండి బంధువులు చేయు సేవను సైతము ఉపచారమనియే అందురు. గుడిలో జరుగు సేవకును, గాయమును కడిగి కట్టుకట్టు సేవకును పెద్దలు వేరువేరు పేర్లు పెట్టలేదు. ఈ ఒక్క మాటను పట్టుకొని ఆలోచించినచో, పెరటిలో గాయపడి పడియున్న కోడిపెట్ట యెడ గృహస్థుడు ఏమి చేయవలెనను ప్రశ్నకు సమాధానము లభించును.

కోడి అల్పప్రాణి గదా, దానిని గూర్చి ధర్మప్రసంగమేల అని కొందరికి తోచవచ్చును. బలవంతునికి చేసిన సేవకు బహుమానము కలదు. బంధువునకు చేసిన సేవకు బదులుసేవ కలదు. నోరులేని కోడికి చేసిన సేవకు ఈ రెండును లేవు. కావుననే ఆ సేవయందు చేయువాని మనస్సు ఉన్నది ఉన్నట్లుగ బయటపడును.

భూతయజ్ఞము

గృహస్థునకు నిత్యము ఐదు మహాయజ్ఞములు విధింపబడినవి. వేదాధ్యయనము బ్రహ్మయజ్ఞము, హోమము దేవయజ్ఞము, తర్పణము పితృయజ్ఞము, అతిథిపూజ మనుష్యయజ్ఞము, ప్రాణికోటికి అన్నభాగమిడుట భూతయజ్ఞము. మనుస్మృతి మూడవ అధ్యాయమున ఈ భూతబలిని చెప్పుచు, కుక్కలకు, కాకులకు, క్రిములకు, రోగపీడితులకు ఉద్దేశించిన అన్నమును నేలపై మెల్లగ ఉంచవలెనని విధించిరి. మెల్లగ అను మాటను గమనింపవలెను. పెట్టినది ఎంత అనునది మాత్రమే చాలదు. ఎట్లు పెట్టినారనునది సైతము యజ్ఞములో భాగమే. గింజలు చల్లునపుడు ఉండవలసిన ఆ మెల్లదనమే గాయమును ముట్టునపుడును ఉండవలెను.

అన్నము పెట్టుటతో భూతయజ్ఞము ముగియునని తలచువారు కలరు. ఆకలి యొక్కటియే ప్రాణికి కలుగు ఆపద కాదు. తన ఇంట గింజలు తిని పెరిగిన ప్రాణి నెత్తురోడుచు పడియున్నపుడు, గృహస్థుడు మరొక పిడికెడు గింజలు చల్లి లోనికి పోయినచో యజ్ఞము సగములో నిలిచిపోయినట్లే.

తోటలలో కోడి

విశాఖపట్నము, గంజాము, గోదావరి మండలముల నుండి తెలుగువారు ఓడలెక్కి సముద్రములు దాటిరి. కోరంగి రేవు పేరు గల ఓడ 1843లో మారిషసునకు తెలుగువారిని చేర్చెను. 1860 నుండి నేటాలునకును, 1903 నుండి ఫిజీకిని మద్రాసు రాజధాని కూలీలు తరలిరి. మలయా తోటలకు ఒప్పందకూలీల పద్ధతి 1910లో నిలిచిపోయెను. కంగాణీల వెంటను, ప్రభుత్వ సహాయముతోను వచ్చినవారి రాక 1938లో భారత ప్రభుత్వము నిషేధించు వరకు సాగెను. పేరా రాష్ట్రమునందలి బాగాన్ దాతో కొబ్బరితోటలలో తెలుగు పలుకులు తరతరములుగ వినబడినవి. తోటల నుండి కొన్ని కుటుంబములు జొహోరు జలసంధి దాటి సింగపూరు చేరినవి.

వారు వెంట తెచ్చుకొనగలిగినది స్వల్పము. రామభజన, అమ్మవారి పూజ, సింహాద్రి అప్పన్న నామము, వీనితోపాటు కోడిని పెంచు నేర్పును తెచ్చుకొనిరి. వరుస ఇండ్ల వెనుక జానెడు జాగా దొరికినచో చాలును, అచ్చట ఒక గంప, గంప క్రింద ఒక పెట్ట, పెట్ట చుట్టును పిల్లలు ఉండెడివి. ఆవును కొనుటకు సొమ్ము లేనివారికి కోడియే పాడి. గుడ్డు పిల్లవాని కంచములోనికి వచ్చెను. పెట్ట బాలింతకు బలమైన పులుసయ్యెను. పుంజు అమ్ముడుపోయి పండుగకు బట్టలయ్యెను. జీతము దొరల లెక్కలలోను, దుకాణపు అప్పులలోను కరగిపోవు దినములలో, ఇంటి ఇల్లాలు తనదని చెప్పుకొనగల ఆస్తి పెక్కు ఇండ్ల కోళ్ళగంప మాత్రమే.

సింగపూరులో 1960లో గృహనిర్మాణ మండలి ఏర్పడిన పిమ్మట కంపోంగులు క్రమముగ అంతరించినవి. ప్రధానద్వీపమున నేడు మిగిలినది లోరాంగ్ బువాంగ్‌కోక్ కంపోంగు ఒక్కటియే. ప్రభుత్వపు అంతస్తుల ఇండ్లలో కోళ్ళను పెంచుటకు అనుమతి లేదు. సొంత నేల గల ఇండ్లలో, అమ్మకము కొరకు గాక, పది వరకు పెంచుకొనవచ్చును; బయటి పక్షులు చొరరాని వలగూటిలో ఉంచవలెను. కావున గాయపడిన కోడి నేడు కొందరికి తమ పెరటిలో, కొందరికి మలేసియాలోని బంధువుల ఇంట, మరికొందరికి ఇంటి క్రింద పచ్చికలో స్వేచ్ఛగ తిరుగు కోళ్ళ నడుమ ఎదురగును. చూచు చోటు మారినది. చేయవలసిన ధర్మము మారలేదు.

కోసే పొద్దు, కాపాడే పొద్దు

ఇట్టి సందర్భమునొకదానిని భావింపుడు. ఇరుగింటి పిల్లి గోడ దూకి పెట్టను పట్టినది. కేకలు విని ముసలామె పరుగెత్తి పిల్లిని అదలించినది. పెట్ట వీపున ఈకలు ఊడి, తోలు చీలి, నెత్తురు కారుచున్నది. ఆమె దానిని పాత తువ్వాలులో చుట్టి ఒడిలో పెట్టుకొనినది. మనుమరాలు చేరవచ్చి అడిగినది.

"మామ్మా, ఎలాగూ పండుగకు కోయవలసిందే గదా! దీనికింత శ్రమ ఎందుకు?"

"కోసే పొద్దు వేరమ్మా, కాపాడే పొద్దు వేరు. ఇప్పుడిది నా చేతుల్లోకి వచ్చింది. చేతిలో ఉన్నదాన్ని ముందు చూడాలి. పోయి నీళ్ళు కాచి పట్రా."

పిల్ల అడిగిన ప్రశ్న అనేకుల మనస్సులలో నున్న ప్రశ్నయే. మాంసము తినువాడు గాయపడిన కోడిని చూచి జాలిపడుట వేషమని కొందరందురు. తినుట మానిన పిమ్మటనే దయను గూర్చి మాటలాడవలెనని మరికొందరందురు. ఇట్లు కోడిగ్రుడ్డుపై ఈకలు పీకుచు కూర్చుండినచో ఎదుటనున్న కోడి నెత్తురు కారి చచ్చును.

ఈ చిక్కునకు తెలుగునేలపైననే ఒక సమాధానము రాతిమీద చెక్కబడియున్నది. కర్నూలు జిల్లా ఎర్రగుడి వద్ద అశోక చక్రవర్తి శాసనములు కలవు. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దికి చెందిన ఆ శాసనములలో మొదటిది వంటశాలను గూర్చినది. పూర్వము రాజుగారి వంటకై లక్షలకొలది ప్రాణులు చంపబడెడివనియు, శాసనము వ్రాయించునాటికి రెండు నెమళ్ళు, ఒక జింక మాత్రమే చంపబడుచున్నవనియు, ఇకముందు అవియును చంపబడవనియు అందు ఒప్పుకొనబడినది. రెండవ శాసనము మనుష్యులకును, పశువులకును వైద్యము ఏర్పరచి, మందుమూలికలు లేని చోట్ల వానిని తెప్పించి నాటించిన సంగతి చెప్పును. తన వంటశాల ఇంకను పూర్తిగ శుద్ధి కాలేదని ఎరిగియుండియు ఆ చక్రవర్తి పశువైద్యమును ఆపలేదు. దయకు తాను పూర్తిగ అర్హుడైన పిదపనే దయ చూపుదునని కూర్చుండువానికి ఆ దినము ఎన్నడును రాకపోవచ్చును.

కంచె కట్టినవాడే కాపు

మహాప్రస్థానమున ధర్మరాజు వెంట ఒక కుక్క నడచెను. తమ్ములును ద్రౌపదియు దారిలో పడిపోయిరి. ఇంద్రుడు రథము తెచ్చి కుక్కను విడిచి ఎక్కుమని చెప్పగా, ఆశ్రయించినదానిని విడుచుట మహాపాపమని ధర్మరాజు స్వర్గమునే నిరాకరించెను. ఆ కుక్క ఆయన పెంచినది కాదు, వెంట నడచినది మాత్రమే. అంతమాత్రముననే అది ఆశ్రితమయ్యెను.

కోడి సంగతి అంతకంటెను గట్టిది. అడవికోడి సాయంకాలము చెట్టుకొమ్మకు ఎగిరి తన్ను కాపాడుకొనును. ఇంటికోడిని మనుష్యుడు తరతరములుగ బరువెక్కించి, గూటిలో మూసి, చుట్టును కంచె కట్టినాడు. దాని పరుగును, ఎగురుటను తన లాభము కొరకు తగ్గించినవాడే దాని రక్షణకు బాధ్యుడు. వల చినిగియుండుటచే ఉడుము చొరబడినను, గూటిలో మేకు మొన తేలి కాలు చీరుకొనినను, ఆ గాయములో ఇంటివాని అశ్రద్ధయు కొంత కలదు. ఉపచారము చేయుట అతనికి దానము కాదు, తీర్పవలసిన ఋణము.

శ్రీరాముడు సీతను వెదకుచు వచ్చి జటాయువును చూచెను. రెక్కలు తెగి, నెత్తుటి మడుగులో నున్న ఆ పక్షిని తండ్రివలె భావించి కౌగిలించుకొనెను. ప్రాణము నిలుపజాలకపోయెను. అయినను తన దుఃఖమును పక్కకు నెట్టి, ఆ పక్షికి అగ్నిసంస్కారము చేసి, జలతర్పణము విడిచెను. రాముడు ఆ పక్షిని లే పక్షీ అని పిలిచిన తావే అనంతపురము సీమలోని లేపాక్షి యని అచ్చటి జనులు చెప్పుకొందురు. తోటలలో రాత్రులు రామభజన చేసిన తెలుగువారి బిడ్డలకు ఈ కథ క్రొత్తది కాదు. ప్రాణము దక్కునో లేదో తెలియకున్నను సేవ చేయవలెననుటకు రామునికంటె వేరు ప్రమాణమేల?

ఇక కోడియను రూపమును దైవము తక్కువగ చూడలేదు. కాకినాడ సమీపమున పిఠాపురమున శివుడు కుక్కుటేశ్వరుడై వెలసినాడు. గయాసురుని దేహముపై త్రిమూర్తులు ఏడు దినములు యజ్ఞము చేయుచుండగా, అసురుడు కోడికూతను బట్టి దినములు లెక్కించుకొనుచు కదలక పడియుండెను. ఏడవ నాటి రాత్రి తెల్లవారకముందే శివుడు కోడియై కూయగా, గడువు తీరినదని అసురుడు కదలెను. యజ్ఞము భంగమై అతడు మోక్షము నందెను. అతని పాదములున్న చోటు కనుక పిఠాపురము పాదగయ అయినది. కోరంగి, కాకినాడ రేవులకు ఆ క్షేత్రము దూరము కాదు. సింగపూరున తైపూసము నాడు సెరంగూను దారిలోని శ్రీనివాస పెరుమాళ్ ఆలయము నుండి ట్యాంకు రోడ్డులోని దండాయుధపాణి ఆలయమునకు కావడులు నడచును. ఆ దండాయుధపాణి ధ్వజముపై నున్నది కోడియే. శూరపద్ముడను అసురుని చీల్చి అందొక భాగమును కోడిగ మార్చి సుబ్రహ్మణ్యుడు ధ్వజమున నిలిపినాడు. శత్రువు శరీరమునే ఆదరించి తలమీద పెట్టుకొనిన స్వామి భక్తుడు, తన పెరటికోడిని కాలితో పక్కకు నెట్టరాదు.

ఉపచార క్రమము

భక్తి యుండి పద్ధతి తెలియనిచో పూజ చెడును. జాలి యుండి నేర్పు లేనిచో కోడి చచ్చును. కావున పూజలో ఉపచారములు వరుసగ చెప్పినట్లే, ఈ సేవకును ఒక వరుస కలదు.

మొదటిది ఆవాహనము, అనగా దగ్గరకు తీసుకొనుట. తరిమి పట్టరాదు. భయమే గాయపడిన పక్షిని చంపగలదు. మెత్తని తువ్వాలు పైన కప్పి, రెక్కలు ఒంటికి చేర్చి ఎత్తవలెను. మనుష్యునకు వలె కోడికి రొమ్మును కడుపును వేరుచేసి ఊపిరిని ఆడించు పొర లేదు. రొమ్ము ఎముక ముందుకు వెనుకకు కదలిననే గాలి లోనికి పోవును. రొమ్మును బిగించి పట్టినచో ముక్కు తెరచియున్నను అది ఊపిరాడక చచ్చును. నెత్తురు కారుచున్నచో శుభ్రమైన గుడ్డతో అదిమి, నడుమ ఎత్తి చూడక, కొన్ని నిమిషములు అట్లే పట్టవలెను. ఒకటిన్నర కిలోల కోడి దేహములో నుండు రక్తమంతయు ఒక చిన్న టీ గ్లాసెడు మాత్రమే. మనకు కొంచెముగ కనబడు నెత్తురు దానికి కొంచెము కాదు. గోరు విరిగి కారు నెత్తురుపై మొక్కజొన్న పిండి అద్దినచో నిలుచును.

రెండవది ఆసనము. గాలి ఆడు పెట్టెలో శుభ్రమైన గుడ్డ పరచి, నిశ్శబ్దమైన మసక వెలుతురులో ఉంచవలెను. తక్కిన కోళ్ళనుండి తప్పక వేరుచేయవలెను. ఎర్రని నెత్తురు కనబడిన తోటి కోళ్ళు దానినే పొడుచును. ఒకటి మొదలుపెట్టిన అన్నియు పొడుచును. కోళ్ళలో ఎవరు ఎవరిని పొడువవచ్చునను వరుస యొకటి కలదని నార్వే శాస్త్రజ్ఞుడు థోర్లీఫ్ షెల్డెరుప్ ఎబ్బె 1921లో వివరించెను. బలహీనపడినది ఆ వరుసలో అట్టడుగునకు జారును.

మూడవది స్నానము. గాయము చుట్టునున్న ఈకలను జాగ్రత్తగ కత్తిరించి, కాచి గోరువెచ్చగ చల్లార్చిన ఉప్పునీటితో కడుగవలెను. లీటరు నీటికి సుమారు 9 గ్రాముల ఉప్పు, అనగా ఒకటిన్నర చిన్న చెంచా చాలును. పిమ్మట పోవిడోన్ అయోడిన్ మందును పలుచని టీ రంగు వచ్చువరకు నీటిలో కలిపి వాడవచ్చును. కిరసనాయిలు పోయుట, సున్నము పూయుట మాంసమును కాల్చును, మానవలెను. పసుపు అద్దుట పెద్దల వాడుక. పసుపునకు క్రిములను అణచు గుణము కొంత కలదన్నమాట నిజమే కాని, వంటింటి పొడి క్రిమిరహితమైనది కాదు. లోతైన గాయములో పొడి కూరినచో మురికి లోపలనే చిక్కుకొనును. మనుష్యులు వాడు నొప్పిమాత్రలను, నొప్పి తగ్గించు లేపనములను వైద్యుని అడుగక ముట్టింపరాదు.

నాల్గవది వస్త్రము. చిన్న గాయమును పొడిగ తెరచి ఉంచుటయే మేలు. కట్టు కట్టవలసివచ్చిన రొమ్మును బిగింపరాదు; దినమునకొకసారి మార్చవలెను. ఈగలు వ్రాలకుండ దోమతెర కప్పుట ముఖ్యము. సింగపూరు వేడిలో ఈగ పెట్టిన గ్రుడ్లు ఒక దినము లోపలనే పురుగులగును. తోక క్రిందను, రెక్కల చాటునను నిత్యము వెదకవలెను.

అయిదవది దీపము, అనగా వెచ్చదనము. కోడి ఒంటి వేడిమి సహజముగనే సుమారు 41 డిగ్రీలు. చేతికి వేడిగ తగిలినంతనే జ్వరమనుకొనరాదు. ఈ ద్వీపమున పగటి వేడిమి దానికి సరిపోవును. వానరాత్రియందు వేడినీటి సీసాను గుడ్డలో చుట్టి పెట్టెలో ఒక ప్రక్క ఉంచినచో చాలును. కోడి నోరు తెరచి ఒగర్చుచు రెక్కలు దూరముగ విప్పినచో వేడిమి ఎక్కువైనదని తెలిసి తగ్గింపవలెను.

ఆరవది నైవేద్యము. నీటిని బలవంతముగ నోట పోయరాదు. ఊపిరిగొట్టపు ద్వారము నాలుక వెనుకనే యుండును గనుక నీరు ఊపిరితిత్తులలోనికి పోవును. ముక్కు కొనకు తగులునట్లు గిన్నె పెట్టినచో తానే త్రాగును. రోజువారీ మేతను తడిపి, కొంచెము ఉడికిన గ్రుడ్డు కలిపి పెట్టవచ్చును. తినునా లేదా, రెట్ట ఎట్లున్నది అను రెండింటిని ఉదయము, సాయంకాలము గమనించుటయే ఈ పూజకు ప్రదక్షిణము.

కడపటిది ఉద్వాసన. గాయము ఆరి, ఈకలు మొలచుచుండగా, తిరిగి గుంపులో చేర్చవలెను. ముందు కొన్ని దినములు తీగవల అడ్డముగ పెట్టి ఒకదానినొకటి చూచుకొననిచ్చి, పిమ్మట చీకటిపడు వేళ గూటిలో కలిపినచో పోట్లాట తగ్గును. ప్రతి ఉపచారము తరువాత సబ్బుతో చేతులు కడుగుకొనుట మరువరాదు. కోళ్ళనుండి మనుష్యులకు అంటు క్రిములు కలవు.

ఇంటి చేతికి మించినది

తన శక్తి ఎంతవరకో తెలియుట సైతము ధర్మమే. ఎముక విరిగినను, కడుపు చీలినను, గాయము దుర్వాసన వేసినను ఆలస్యము చేయక పశువైద్యుని కడకు చేర్చవలెను. పిల్లి కరచిన గాయము పైకి సూదిమొన యంత కనబడినను అదే దినము చూపవలెను. పిల్లి నోటిలో నుండు పాస్చురెల్లా అను సూక్ష్మక్రిమి ఒకటి రెండు దినములలో పక్షి రక్తమును విషము చేయగలదు. మందులు వాడిన కోడి గ్రుడ్లను వైద్యుడు చెప్పిన గడువు దాటువరకు తినరాదు.

గాయము వేరు, అంటురోగము వేరు. కారణము కనబడకుండ కోళ్ళు వరుసగ కూలుచున్నచో, తలలు వాచి నీలిబారుచున్నచో అది ఇంటివైద్యమునకు లొంగు విషయము కాదు. హెచ్5ఎన్1 పక్షిజ్వరము 1997లో హాంకాంగున మనుష్యులకు సోకి ప్రాణములు తీసినది. అట్టి వేళ పక్షులను ముట్టక అధికారులకు తెలుపవలెను. సింగపూరున 2019 ఏప్రిల్ 1 నుండి ఈ బాధ్యత జాతీయ ఉద్యానవనముల మండలి క్రిందనున్న జంతు, పశువైద్య సేవల విభాగముది.

కొన్ని వేళల వైద్యుడు సైతము చేతులెత్తును. బ్రతుకు నిలువదని తెలిసినపుడు బాధను పొడిగించుట దయ కాదు. వైద్యుని చేత నొప్పి తెలియకుండ ప్రాణము విడిపించుట సేవకు చివరి మెట్టు. చూడలేక గూటి మూల విడిచి తలుపు మూసికొనుట మాత్రము తగదు. కన్ను చాటైనంత మాత్రమున దాని బాధ తగ్గదు.

ఊరికోడి, అడవికోడి, మ్రొక్కుకోడి

2017 ఆరంభమున సింగపూరు సిన్ మింగ్ ప్రాంతమున స్వేచ్ఛగ తిరుగు 24 కోళ్ళను, కూతల వలన నిద్ర చెడుచున్నదను ఫిర్యాదుల మీదట, నాటి వ్యవసాయ ఆహార పశువైద్య సంస్థ చంపించినదను వార్త వెలువడెను. ద్వీపమంతట చర్చ రేగెను. తెల్లవారుజామున నిద్ర చెడిన కార్మికుని బాధయు నిజమే, కోడి ప్రాణమును నిజమే. ఇరువైపుల బాధను వినగలవాడే ధర్మము చెప్పగలడు. ఆ చర్చలో పెక్కుమంది నగరవాసులు చాలకాలము పిమ్మట కోడి ఒక ప్రాణియని తలచుకొనిరి, అదియు మేలే.

తెల్లని చెవిమచ్చ, బూడిదరంగు కాళ్ళు గల అడవికోడి ఈ ద్వీపమున నేటికిని జీవించుచున్నది. ప్రపంచమందలి ఇంటికోళ్ళన్నిటికిని మూలజాతి అదియే. అట్టి పక్షి గాయపడి కనబడినచో ఇంటికి తెచ్చి పెంచుకొనరాదు. వన్యప్రాణుల చట్టము ఒప్పదు. దూరముగ నిలిచి, పిల్లులను కుక్కలను అదలించి, ఉద్యానవనముల మండలికో, 2001లో ఏర్పడిన ఏక్రెస్ వంటి వన్యప్రాణి రక్షణ సంస్థకో తెలిపి, వారు వచ్చువరకు కాచియుండుటయే అచ్చటి ఉపచారము.

మరియొక మాట. తోటలలో అమ్మవారికి కోడిని మ్రొక్కుకొను ఆచారము తెలుగువారికి ఉండినది. పెక్కు ఆలయములలో నేడు గుమ్మడికాయ, కొబ్బరికాయ, నిమ్మకాయ ఆ స్థానమును పొందినవి. ఆచారమును గూర్చి పెద్దలు తమతమ నిర్ణయములు చేసికొందురు. గాయపడినది గదా, ఎటులైనను చచ్చునది గదా యని కుంటికోడిని అమ్మవారి పేర ఒప్పగించి చేతులు దులుపుకొనుట మాత్రము భక్తి కానేరదు. తనకు భారమైనదానిని దేవికి కానుక యనుట తల్లిని వంచించుటయే. సర్వభూతములకు తల్లియైన దేవికి, ఆ కోడిని కడిగి కట్టు కట్టిన చేతులే మంచి కానుక.

ఫలశ్రుతి

ఈ సేవకు ఫలమేమి? పెట్ట బ్రతికి మరల గ్రుడ్లు పెట్టవచ్చును, పెట్టకపోవచ్చును. వైద్యునికిచ్చిన సొమ్ము కోడి వెలకు పదిరెట్లు కావచ్చును. లెక్కలు చూచువాడు నష్టమనియే వ్రాసికొనును. కాని ఆ ఇంట నీళ్ళు కాచి తెచ్చిన పిల్ల ఒకటి నేర్చుకొనినది. నోరులేనిదాని బాధను కంటితో చదువుట, వణకు ప్రాణిని వణకని చేతితో పట్టుట, రెండవ దినమును మూడవ దినమును విసుగక చూచుట నేర్చుకొనినది. రేపు అదే ఇంట ముసలామె మంచము పట్టి, మాట పడిపోయి, కంటితో మాత్రమే అడుగునపుడు, ఆ చూపును చదువవలసినది ఆ పిల్లయే. అప్పుడు ఏ పాఠశాలయు నేర్పని ఆ విద్య అక్కరకు వచ్చును.

తాతముత్తాతలు తోటలలో జ్వరములతో, గాయములతో పడియుండిన దినములలో, పని చేయలేనివానిని పనికిరానివానిగ లెక్కించిన లోకమును చూచినారు. జబ్బుపడిన కూలివానికి పక్కయింటివారు పోసిన గంజియే వానిని బ్రతికించినది. పనికి వచ్చినంతకాలమే ప్రాణికి విలువ యను లెక్కను వారి సంతతి వారు ఎవరియందును, కోడియందు సైతము, ఒప్పుకొనరాదు. ఆ లెక్క క్రింద నలిగినవారి రక్తమే వారిలో ప్రవహించుచున్నది.

కావున భక్తజనులారా! దేవుని గదిలో దీపము వెలిగించిన చేతితోనే పెరటిలోని గూటిని ఒకసారి తడిమి చూడుడు. వల చినిగిన చోట కుట్టుడు, తేలిన మేకును కొట్టుడు. ఆపద వచ్చి ప్రాణి చేతిలోనికి వచ్చిన దినమున, చేతిలో ఉన్నదానిని ముందు చూడుడు. సమస్త భూతములయందును వెలుగు పరమాత్మ ఆ సేవను అందుకొని, సముద్రములు దాటి వచ్చిన తెలుగు కుటుంబములను చల్లగ కాపాడుగాక!

శుభమస్తు.